పద్దుల పుస్తకం కోసం కోర్టుకెక్కిన డైరెక్టరు

ఒక సంస్థ బోర్డులో మీరు డైరెక్టరు అనుకోండి. జనం ఓట్లేసి మరీ మిమ్మల్ని గెలిపించారు. సంస్థకి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో, ఎవరికి ఎంత పోతోందో చూద్దామని పద్దుల పుస్తకం అడిగారు. చూడొచ్చు గానీ ముందు ఈ షరతుల కాగితం మీద సంతకం పెట్టమన్నారు. మీరు పెట్టనన్నారు. ఏడాది దాటింది, పుస్తకం రాలేదు. చివరికి మీరు డైరెక్టరుగా ఉన్న సంస్థ మీదే మీరు కేసు వెయ్యాల్సొచ్చింది.

ఇదేదో సహకార సంఘం కథో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గొడవో కాదు (అక్కడా ఇలాంటివి జరుగుతాయనుకోండి, అది వేరే సంగతి). 2002లో లాస్ ఏంజెలెస్ కోర్టులో నడిచిన కేసు. ఆ డైరెక్టరు పేరు కార్ల్ ఆవర్‌బాక్. సంస్థ పేరు ఐకాన్. ప్రపంచం మొత్తానికీ ఇంటర్నెట్ పేర్లూ నంబర్లూ చూసుకునే సంస్థ అదే.

మన ఐటీ జనాలకి ఐకాన్ అంటే డొమైన్ కొన్నప్పుడు బిల్లులో కనిపించే కొద్ది సెంట్ల ఫీజు. అంతకు మించి పట్టించుకున్నవాళ్ళు తక్కువ. కానీ "పారదర్శకత", "జవాబుదారీతనం" అని మనం జంటపదాల్లాగా వాడేసే రెండు మాటల మధ్య ఎంత దూరముందో తెలుసుకోవాలంటే ఈ సంస్థ చరిత్రని మించిన పాఠం నాకు కనబడలేదు. అందుకే కొంచెం మొదట్నుంచీ చెప్పుకొస్తాను.

ముందు అసలు పని గురించి రెండు ముక్కలు. బ్రౌజర్లో ఒక పేరు కొడితే దానికి నంబరు వెతికిపెట్టేది డీఎన్ఎస్. అది తలకిందులుగా నిలబెట్టిన చెట్టులాంటిది. వేరు పైనుంటుంది. దాని కింద డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఇన్ లాంటి కొమ్మలు, వాటి కింద మనందరి సైట్లు. ఆ వేరు దగ్గరుండే ఫైలు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఏ కొమ్మ ఏ సర్వర్ల చేతిలో ఉందో చెప్పే పట్టిక, అంతే. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని మామూలు ఎడిటర్లో తెరిచి చూడొచ్చు. కానీ అందులో ఒక దేశం తాలూకు లైన్లు తీసేస్తే ఆ దేశం డొమైన్లన్నీ నెట్లోంచి మాయమైపోతాయి (క్యాషెలు ఉన్నంతసేపూ బండి నడుస్తుందనుకోండి).

అంటే ఆ ఫైలు చదవడానికి అందరికీ పర్మిషనుంది. రాయడానికి మాత్రం కొందరికే ఉంది. ఆ కొందరు ఎవరు? వాళ్ళు ఎవరికి జవాబు చెప్పాలి? ఇరవయ్యేడేళ్ళకి పైగా నడుస్తున్న గొడవంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే.

మొదట్లో ఈ ప్రశ్నలు ఎవరికీ రాలేదు. ఎందుకంటే జవాబు ఒక మనిషి. జాన్ పోస్టెల్ అని, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధకుడు. పొడుగాటి గడ్డం, కాళ్ళకి చెప్పులు. మనం చదివే ఆర్‌ఎఫ్‌సీలకి దాదాపు మూడు దశాబ్దాలు ఎడిటర్ ఆయనే. ఏ నెట్‌వర్కుకి ఏ నంబరు, ఏ దేశం కోడు ఎవరి చేతికి అనే జాబితాలన్నీ ఆయనే చూసుకునేవాడు. 1989లో మన డాట్ ఇన్ రూట్‌లో చేరింది ఆయన హయాంలోనే. ఆ పనికి తర్వాత ఐయానా అని పేరొచ్చింది గానీ, ఆచరణలో ఐయానా అంటే పోస్టెల్, ఆయన దగ్గర పనిచేసే కొద్దిమందీ.

పోస్టెల్ నిజాయితీని శంకించినవాళ్ళు దాదాపు లేరు. 1994లో ఆయన రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1591 చూడండి. ఏది దేశమో ఏది కాదో తేల్చడం మా పని కాదు, ఐఎస్ఓ జాబితాలో రెండక్షరాల కోడు ఉంటే చాలు అని తేల్చేశాడు. ఎంత తెలివైన నిర్ణయమో! పెద్ద పెద్ద రాజకీయ తగాదాల్లోంచి ఒక్క వాక్యంతో బయటపడ్డాడు. కానీ ఆయన కాకుండా ఇంకొకరు ఆ కుర్చీలో ఉండి అడ్డంగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పుకోవాలి? దానికి జవాబు లేదు. మనిషి మంచివాడు కాబట్టి సరిపోయింది. ఏ సిస్టమ్ డిజైన్ డాక్యుమెంట్లోనూ మనం అలా రాసుకోం కదా.

ఇంతలో డబ్బొచ్చి పడింది. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటివి నమోదు చేసే పని 1993 నుంచీ నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీకి కాంట్రాక్టు. అప్పట్లో పేరు నమోదు చేసుకోవడం ఉచితం, ఖర్చు అమెరికా ప్రభుత్వం భరించేది. 1995 సెప్టెంబరులో ఏడాదికి 50 డాలర్ల చొప్పున, రెండేళ్ళకి కలిపి వంద కట్టమన్నారు. పోటీ కంపెనీ లేదు, కాబట్టి కట్టాల్సిందే. 2000లో ఆ కంపెనీని వెరిసైన్ దాదాపు 21 బిలియన్ డాలర్ల షేర్లిచ్చి కొనుక్కుంది. ఒక జాబితా నడిపే హక్కుకి అంత విలువ!

ఈ లెక్కన ఆ ఫైలు ఎవరిదో తేలాల్సిన రోజు వచ్చింది. 1998 జనవరి 28న పోస్టెల్ రూట్ సర్వర్లు నడిపేవాళ్ళలో ఎనిమిదిమందికి మెయిల్ పెట్టాడు. ఇకనుంచి నెట్‌వర్క్ సొల్యూషన్స్ సర్వర్ నుంచి కాకుండా నా సర్వర్ నుంచి ఫైలు తెచ్చుకోండి అని. ఆ ఎనిమిదిమందీ మారుమాట్లాడకుండా మార్చేశారు. నెట్ ఆగలేదు, వాడేవాళ్ళకి తేడా కూడా తెలీలేదు. క్లింటన్ ప్రభుత్వంలో ఈ వ్యవహారం చూస్తున్న ఐరా మాగజినర్‌కి మాత్రం బాగానే తెలిసింది. వెంటనే వెనక్కి మార్చమన్నాడు. పోస్టెల్ అదొక పరీక్ష అని చెప్పి వారం తిరిగేలోగా మార్చేశాడు. రెండు రోజుల తేడాలో, జనవరి 30న, అమెరికా ప్రభుత్వం ఈ వ్యవస్థని ఎలా నడపాలో తన మొదటి ముసాయిదా బయటపెట్టింది.

ఆ ముసాయిదా మీద వచ్చిన విమర్శలతో జూన్‌లో ఇంకో పత్రం వచ్చింది. దాని ప్రకారం ఈ పని ప్రభుత్వం చేతిలోంచి ఒక ప్రైవేటు, లాభాపేక్ష లేని సంస్థకి పోతుంది. ఇంటర్నెట్ వాడే అందరికీ అందులో ప్రాతినిధ్యం ఉంటుంది. నిర్ణయాలు కింది నుంచి పైకి వెళ్తాయి. 1998 సెప్టెంబరు 30న కాలిఫోర్నియా చట్టం కింద ఐకాన్ రిజిస్టరయింది. ఈ "కాలిఫోర్నియా చట్టం కింద" అన్న ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది. అక్టోబరు 16న, 55 ఏళ్ళకే, పోస్టెల్ చనిపోయాడు. తను నమ్మిన మనుషుల చేతుల్లో పెట్టిన సంస్థ రెండు వారాల పసికందుగా మిగిలింది.

తొలి బోర్డుని ఎవరూ ఎన్నుకోలేదు. తలుపుల వెనక ఎంపిక జరిగింది. ఈస్టర్ డైసన్ మొదటి ఛైర్‌పర్సన్. బోర్డు సమావేశాలు కూడా తలుపులు మూసే జరిగేవి. అందరి ప్రాతినిధ్యం అని చెప్పి పుట్టిన సంస్థ ఇలా మొదలైంది! దీనికి తోడు 1999లో ఒక్కో డొమైన్ పేరు మీద ఏడాదికి ఒక డాలరు వసూలు చేద్దామనుకున్నారు. పన్ను వెయ్యడానికి మీరెవరు అని గొడవ మొదలైంది. ఆ జూలైలో అమెరికా వాణిజ్య శాఖ ఉత్తరం రాసింది. ఆ డాలరు ఫీజు మానుకోండి, బోర్డు సమావేశాలు తెరవండి అని. అదే నెలలో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ పెట్టింది. దాని శీర్షికే ఐకాన్ అదుపు తప్పిందా అనే ప్రశ్న. ఫీజు పోయింది, తలుపులు తెరుచుకున్నాయి.

ఇక్కడొక్క క్షణం ఆగుదాం. తలుపులు తెరిచింది ఐకాన్ కాదు, కాంట్రాక్టు చేతిలో ఉన్న ప్రభుత్వం. ఈ వరస ముందు ముందు చాలాసార్లు కనబడుతుంది.

ఇక ప్రాతినిధ్యం మాటకొస్తే, నియమావళి ప్రకారం 19 మంది బోర్డులో తొమ్మిదిమందిని మామూలు నెట్ వాడకందార్లు ఎన్నుకోవాలి. అది తగ్గి తగ్గి చివరికి ఐదయింది, ఖండానికొకరు. 2000 అక్టోబరులో ఎన్నికలు పెట్టారు. పదహారేళ్ళు దాటి, ఈమెయిలూ ఇంటి అడ్రసూ ఉన్న ఎవరైనా ఓటరే. ఓటరుకి పిన్ నంబరు పోస్టులో ఇంటికొచ్చేది. ఎంతమంది వస్తారులే అనుకున్నారు, సర్వర్లు తట్టుకోలేకపోయాయి. సుమారు 1,58,000 మంది నమోదు చేసుకుంటే, ఆ పిన్నుతో ఓటుని ఖాయం చేసుకున్నది 76,000 మంది, ఓటేసింది 34,000 మంది. ప్రపంచ జనాభాలో ఇది ఏ మూలకి అని నవ్వొచ్చు. కానీ ఖండాలు దాటి సామాన్య జనం నెట్‌లో ఓటేసి ఒక అంతర్జాతీయ సంస్థకి డైరెక్టర్లని ఎన్నుకోవడం అంతకుముందు ఎక్కడ జరిగింది?

ఆసియా నుంచి ఫుజిత్సు ఉద్యోగి మసనోబు కటో, ఆఫ్రికా నుంచి ఘనా దేశపు నై క్వేనర్ గెలిచారు. యూరప్ నుంచి జర్మన్ హ్యాకర్ల సంఘం ఖావోస్ కంప్యూటర్ క్లబ్ మనిషి ఆండీ ముల్లర్-మాగున్ గెలిచాడు! ఉత్తర అమెరికా నుంచి గెలిచినవాడే మన కథానాయకుడు కార్ల్ ఆవర్‌బాక్. సిస్కోలో ఇంజనీరు, పైగా లాయరు. సంస్థలు ఏరి కోరి ఇష్టపడే కలయిక కాదు మరి :)

బోర్డులో అడుగుపెట్టగానే ఆయన అడిగింది జనరల్ లెడ్జర్, ఖర్చుల తాలూకు రికార్డులు. ఐకాన్ అప్పటికి లేని నిబంధనలు కొత్తగా తయారుచేసింది. డైరెక్టరైనా సరే ముందు ఒప్పందం మీద సంతకం చెయ్యాలి, ఏది రహస్యమో యాజమాన్యం చెబుతుంది, ఆ మేరకే చూడాలి. ఆవర్‌బాక్ వాదన సూటిగా ఉంది. సంస్థ సరిగ్గా నడుస్తోందా లేదా చూడ్డం డైరెక్టరుగా నా బాధ్యత. ఎవర్ని నేను పర్యవేక్షించాలో వాళ్ళే నేనేం చూడొచ్చో నిర్ణయిస్తే ఇంక పర్యవేక్షణ ఎక్కడిది?

2002 మార్చిలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సాయంతో కేసు వేశాడు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, కాలిఫోర్నియా కార్పొరేషన్ల చట్టంలో 6334వ సెక్షను. లాభాపేక్ష లేని సంస్థల డైరెక్టర్లకి సంస్థ పుస్తకాలు, రికార్డులు, పత్రాలు అన్నీ చూసే, నకలు తీసుకునే హక్కు సంపూర్ణంగా ఉంటుందని అది చెబుతుంది. జూలై 29న జడ్జి జింట్రా జానవ్స్ తీర్పు చెప్పారు, రికార్డులు ఇవ్వాల్సిందేనని. ఏది రహస్యమో సంస్థ గుర్తించవచ్చు గానీ ఆ సాకుతో డైరెక్టరుకి చూపించకుండా ఆపడానికి వీల్లేదన్నారు.

నాకు ఈ కేసులో నచ్చే విషయం ఏంటంటే, దొంగలెక్కలు బయటపడ్డాయా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. కుంభకోణం ఏదీ బయటపడలేదు, అలా పడుతుందని ఆయన కేసు వెయ్యలేదు. మన ప్రొడక్షన్ లాగుల్లో తప్పుందని అనుమానం ఉంటేనే లాగు చూస్తామా? చూసే హక్కు ఉండటం వేరు, తప్పు దొరకడం వేరు.

గెలిచాడు సరే, తర్వాత? కేసు వెయ్యకముందే, 2002 ఫిబ్రవరిలో, ఐకాన్ అధ్యక్షుడు స్టువర్ట్ లిన్ సంస్కరణలు కావాలని ఒక ప్రతిపాదన పెట్టాడు. ప్రపంచవ్యాప్త ఎన్నికలు ఆచరణలో కుదరవన్నది అందులో ఒక వాదన. డిసెంబరుకల్లా కొత్త నియమావళి వచ్చేసింది. జనం నేరుగా ఎన్నుకునే సీట్లు ఎగిరిపోయాయి. వాటి స్థానంలో ఒక నామినేటింగ్ కమిటీ. 2003లో ఆవర్‌బాక్ పదవీ ముగిసింది, ఆ పదవీ ముగిసింది. 2000 నాటి ఎన్నిక మొదటిదీ, చివరిదీ అయి కూర్చుంది.

న్యాయంగా చెప్పాలంటే ఎన్నికల మీద అభ్యంతరాల్లో పస లేకపోలేదు. ఓటర్లని గంపగుత్తగా చేర్పించగల దేశాలు, కంపెనీలు బోర్డుని ఎగరేసుకుపోవచ్చు. ఒక ఈమెయిలూ ఒక పోస్టల్ అడ్రసూ చూసి మనిషెవరో తేల్చడం ఎంత కష్టమో మనకి తెలీనిది కాదు. కానీ బగ్గుందని ఫీచరే తీసేస్తే ఆ ఫీచరు చేసే పని ఇంకెవరు చేస్తారన్నది చెప్పాలి కదా. ఐకాన్ ఇచ్చిన జవాబు మూడు ముక్కలు. ఒక అంబుడ్స్‌మన్, బోర్డు నిర్ణయాన్ని బోర్డు కమిటీయే మళ్ళీ చూసే పునఃపరిశీలన, బయటి మధ్యవర్తులు చేసే స్వతంత్ర సమీక్ష.

ఈ మూడోదానికి అసలు పరీక్ష డాట్ ట్రిపుల్ ఎక్స్ వ్యవహారం. పెద్దల సైట్లకి విడిగా ఒక కొమ్మ కావాలని ఐసీఎం అనే కంపెనీ 2004లో దరఖాస్తు పెట్టింది. 2005లో బోర్డు సరేనని ఒప్పందం మాటలకి దిగింది. తర్వాత అమెరికా ప్రభుత్వంతో సహా పలు ప్రభుత్వాల అభ్యంతరాలు వచ్చాయి. 2007లో తిరస్కరించింది. కంపెనీ సమీక్షకి వెళ్ళింది. అంతర్జాతీయ న్యాయస్థానం మాజీ అధ్యక్షుడు స్టీఫెన్ ష్వేబెల్ నేతృత్వంలోని ముగ్గురి ప్యానెల్ 2010 ఫిబ్రవరిలో మెజారిటీతో తేల్చింది, ఐకాన్ తన రూల్స్ తనే పాటించలేదని. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఈ తీర్పు బోర్డుని కట్టిపడెయ్యదు, సలహా మాత్రమే! ఐకాన్ కోరిన అర్థం కూడా అదే. చివరికి 2011లో బోర్డు ఆ కొమ్మకి ఒప్పుకుంది, అది వేరే విషయం. ఏడేళ్ళు, బోలెడంత లాయర్ల ఖర్చూ అయ్యాక చేతికొచ్చింది ఒక సలహా. మామూలు మనిషికి ఈ దారి ఉన్నా లేనట్టే.

ఈ మధ్యకాలంలో పత్రాలకి మాత్రం కొదవలేదు. సమావేశాల ట్రాన్‌స్క్రిప్టులు, బడ్జెట్లు, ప్రజాభిప్రాయాలు అన్నీ సైట్లో పెట్టేవాళ్ళు. నేను పూర్వం పనిచేసిన ఒక చోట ఆడిట్ అంటే స్క్రీన్‌షాట్లు వర్డ్ ఫైల్లో అతికించి పంపడం. నూటయాభై పేజీల ఫైలు తయారయ్యేది. ఫలానా తేదీన ఫలానా మార్పు ఎవరు చేశారు అని అడిగితే మాత్రం ఆ నూటయాభై పేజీల్లో ఎక్కడా ఉండేది కాదు. ఐకాన్ సైట్లో తిరుగుతుంటే నాకు అదే గుర్తొస్తుంది. కాగితాలు ఎక్కువవడం, జవాబు దొరకడం ఒకటి కావు.

మన సమాచార హక్కు చట్టం లాంటిదే ఐకాన్‌లోనూ ఒకటుంది, పత్రాల వెల్లడి విధానమని. బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వాళ్ళు 2014-15 ప్రాంతంలో దాన్ని పట్టుకుని వరసపెట్టి దరఖాస్తులు వేశారు. కొన్నిటికి ఉపయోగపడే సమాచారమే వచ్చింది. చాలావాటికి మాత్రం వచ్చిన జవాబులు రెండే రకాలు. ఇదిగో సైట్లో ఉన్న ఫలానా పత్రం చూసుకోండి అని, లేదా ఫలానా మినహాయింపు కింద ఇవ్వలేం అని. ఇక్కడ తేడా గమనించండి. మన 2005 చట్టంలో అధికారి సమాచారం ఇవ్వకపోతే ఆ శాఖకి బయట ఉండే సమాచార కమిషనుకి వెళ్ళొచ్చు. తప్పని తేలితే రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా ఆ అధికారి జేబులోంచి జరిమానా. అమలు ఎంత నీరసంగా ఉన్నా, చట్టంలో ఆ కోర అయితే ఉంది. ఐకాన్‌లో ఇవ్వనంటే మొదటి అప్పీలు మళ్ళీ ఐకాన్ బోర్డు కమిటీకే.

2013లో స్నోడెన్ సంగతులు బయటకొచ్చాక అమెరికా పెత్తనం మీద ప్రపంచమంతా అసహనం పెరిగింది. 2014 మార్చిలో అమెరికా ప్రభుత్వం మేం తప్పుకుంటాం అని ప్రకటించింది. అప్పుడు అసలు ప్రశ్న మళ్ళీ లేచింది. చివరికి కాంట్రాక్టు రద్దు చేస్తామని బెదిరించగలిగిన ఒక్క పెద్దదిక్కూ పోతే బోర్డుని ఆపేదెవరు? రెండేళ్ళపాటు వందలమంది స్వచ్ఛందంగా టెలికాన్ఫరెన్సుల్లో కొట్లాడుకుని ఒక రూపం తెచ్చారు. అమెరికాలో నాలుగు రాష్ట్రాలు ఆఖరి నిమిషంలో అడ్డుకోబోయాయి, టెక్సస్ కోర్టు ఒప్పుకోలేదు. 2016 అక్టోబరు 1న కాంట్రాక్టు ముగిసింది.

కొత్త నియమావళిలో ఏముంది? సభ్య సమూహాలన్నీ కలిసి బడ్జెట్‌ని తోసిపుచ్చవచ్చు. డైరెక్టర్లని, అవసరమైతే మొత్తం బోర్డుని దింపెయ్యొచ్చు. స్వతంత్ర సమీక్ష తీర్పు ఇక సలహా కాదు, బోర్డు పాటించి తీరాలి. ఇంకోటి, ఆ సమూహాల్లో ఏదైనా సంస్థ ఖాతా పుస్తకాలు చూపించమని అడగొచ్చు. పద్నాలుగేళ్ళ క్రితం ఒక డైరెక్టరు కోర్టుకెళ్ళి తెచ్చుకున్నలాంటి హక్కే ఇప్పుడు వీళ్ళకి రాతపూర్వకంగా దక్కింది.

ఈ మార్పు తర్వాత ఐకాన్ మొట్టమొదటి మహాసభ జరిగింది మన హైదరాబాదులోనే, 2016 నవంబరు 3 నుంచి 9 దాకా, హెచ్ఐసీసీలో. అసలు పోర్టోరికోలో జరగాల్సింది, జికా వైరస్ భయంతో ఇటు మార్చారు. హైటెక్ సిటీలో మనం ట్రాఫిక్‌ని తిట్టుకుంటున్న ఆ వారంలో పక్క వీధిలో ఇంటర్నెట్ రూట్ గురించి మాట్లాడుకున్నారన్నమాట. ఆ సభ ఇంకా ముగియకుండానే 8వ తేదీ రాత్రి మన దగ్గర పెద్దనోట్లు రద్దయ్యాయి. బడ్జెట్లో ప్రతి లైనూ ముందే చెప్పి చర్చకి పెట్టాలని వాదించుకున్నవాళ్ళకి మర్నాడు పొద్దున టీ డబ్బులకి తడుముకోవాల్సి రావడం కాకతాళీయమే!

కొత్త ఏర్పాటు ఎంత గట్టిదో 2019లో తెలిసింది. డాట్ ఆర్గ్ అంటే స్వచ్ఛంద సంస్థలు, ట్రస్టులు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు. మొత్తం కోటి పేర్లకి పైమాటే. దాని ధర ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదని ఒక హద్దుండేది. ఆ హద్దు తీసేస్తామంటే మూడు వేలకి పైగా అభిప్రాయాలు వచ్చాయి, దాదాపు అన్నీ వద్దనే. జూన్ 30న హద్దు లేని కొత్త ఒప్పందం మీద సంతకాలైపోయాయి. బోర్డు ఓటింగు కూడా లేదు, సిబ్బంది స్థాయిలోనే జరిగిపోయింది. అభిప్రాయాలు అడిగారు, ప్రచురించారు, సారాంశం కూడా రాశారు. పారదర్శకతకి ఏం లోటు?

అదే నవంబరులో అసలు బాంబు పడింది. డాట్ ఆర్గ్ నడిపే సంస్థని ఇంటర్నెట్ సొసైటీ 1.135 బిలియన్ డాలర్లకి ఈథోస్ క్యాపిటల్ అనే కొత్త ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీకి అమ్మడానికి ఒప్పుకుంది. ఐకాన్ మాజీ అధిపతి ఫాదీ షెహాదే ఆ కంపెనీకి సలహాదారు. ఇది చట్టవిరుద్ధమని ఎవరూ రుజువు చెయ్యలేదు, నేనూ అనడం లేదు. కానీ ఊళ్ళో ఎవర్నడిగినా ఇదేదో బాలేదు అంటారు. ఈ అమ్మకం ఆపే అధికారం ఐకాన్‌కి ఉంది. నెలలు గడిచాయి, బోర్డు ఎటూ తేల్చలేదు. 2020 ఏప్రిల్ 15న కాలిఫోర్నియా అటార్నీ జనరల్ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రజాప్రయోజనం కోసం మా రాష్ట్రంలో రిజిస్టరైన సంస్థ మీరు, ఈ అమ్మకాన్ని తిరస్కరించండి అని సారాంశం. ఏప్రిల్ 30న బోర్డు తిరస్కరించింది.

ఆ ఉత్తరం వల్లే ఆగిందా, బోర్డు తనంతట తనే ఆపేదా? ప్రపంచమంతా వచ్చిన నిరసన కూడా పనిచేసింది, కాదనను. కానీ వరస చూడండి. 1999లో తలుపులు తెరిపించింది వాణిజ్య శాఖ. 2002లో పుస్తకం తెరిపించింది కాలిఫోర్నియా చట్టం. 2020లో అటార్నీ జనరల్ రంగంలోకి దిగింది అదే రాష్ట్ర చట్టం బలంతో. అన్నట్టు ధరల హద్దు తీసేసిన సంగతి కూడా ఊరికే పోలేదు. నేమ్‌చీప్ అనే రిజిస్ట్రార్ సమీక్షకి వెళ్తే 2022 డిసెంబరులో ప్యానెల్ ఆ నిర్ణయం తీసుకున్న పద్ధతి నియమావళికి విరుద్ధమని చెప్పింది. మూడున్నరేళ్ళ తర్వాత! ఈలోగా ఒప్పందం అమల్లోనే ఉంది.

అయితే ఇక్కడ మనలాంటివాళ్ళకి ఒక చిక్కుంది. ప్రపంచమంతా వాడే రూట్‌కి చివరి కాపలాదారు ఒక అమెరికా రాష్ట్ర చట్టం అవడం ఏం న్యాయం? గుంటూరులో డాట్ ఆర్గ్ పెట్టుకున్న గ్రంథాలయం వాళ్ళు శాక్రమెంటోలో ఎవరికి ఓటేశారు? ఈ అభ్యంతరం సబబైనదే. 2011లో మన దేశం ఐక్యరాజ్యసమితి కింద ఒక కమిటీ పెట్టాలని ప్రతిపాదించింది. తర్వాత 2015లో అందరికీ భాగస్వామ్యం ఉండే పద్ధతికే మద్దతు అని ధోరణి మార్చుకుంది. సమితి దారి ఎలా ఉంటుందో తెలియాలంటే 2012 గుర్తుచేసుకోండి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌లో ప్రభుత్వాలు కూర్చుని కొత్త ఒడంబడిక రాసుకుంటుంటే ఆ ముసాయిదాలు మామూలు జనానికి అందలేదు. ఎవరో లీకుల సైటు పెడితే గానీ బయటకు రాలేదు. దానితో పోలిస్తే ఐకాన్ గాజు మేడ.

కాబట్టి నా ఉద్దేశంలో ఎక్కడుండాలి అన్నదానికంటే ముందు తేలాల్సింది ఇంకోటుంది. ఏ సంస్థయినా మా దగ్గర అంతా పారదర్శకమే అన్నప్పుడు నేనడిగే ప్రశ్న ఒక్కటే: చూపించనంటే ఏమవుతుంది? ఏమీ కాదు అన్నది జవాబైతే వాళ్ళు చూపిస్తున్నది మర్యాద కొద్దీ, అంతే. మర్యాద ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ఫలానా వాళ్ళు, ఫలానా చోట, ఇన్ని రోజుల్లో చూపించేలా చేస్తారు అని జవాబుంటే అప్పుడది జవాబుదారీతనం. ఇది ఐకాన్‌కే కాదు, మన నంబర్లు పంచే ఏపీనిక్‌కి, డాట్ ఇన్ నడిపే నిక్సీకి, మనం వాడే ఓపెన్ సోర్స్ ఫౌండేషన్లకి కూడా వర్తిస్తుంది.

ఇక మన వంతు. 2011లో రూట్‌లోకి చేరిన డాట్ భారత్ ఏడు లిపుల్లో తెలుగు కూడా ఒకటి. రూట్‌లో తెలుగు అక్షరాలు ఏవి ఎలా కలవొచ్చు, ఏది కన్నడ అక్షరంలా కనిపించి మోసానికి దారితీస్తుంది అనే నియమాల ముసాయిదా కూడా ఐకాన్ బహిరంగ చర్చకి పెట్టింది. అప్పట్లో ఎవరైనా చదివి అభిప్రాయం రాసే వీలుండేది. మన అక్షరాల మీద, అక్షరాలా మనకున్న హక్కది. తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని లక్షలమంది ఐటీలో ఉన్నాం. ఆ ముసాయిదా తెరిచి చూసినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?